పదిహేను వేల పనిముట్లు సరే, పని నేర్పేదెవరు? విశ్వకర్మ పథకం - మన వడ్రంగి కుటుంబాలు

చేతివృత్తుల వాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. ఐదేళ్ళకు 13 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. 2027-28 ఆర్థిక సంవత్సరంతో, అంటే 2028 మార్చితో గడువు ముగుస్తుంది. సగం కాలం ఇప్పటికే దాటిపోయింది. మన మొహల్లాల్లో మాత్రం "అది మనకు కాదులే" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. పేరులో విశ్వకర్మ ఉంది కాబట్టి అది ఒక కులానికి సంబంధించిన పథకం అనుకుని ఊరుకున్న కార్పెంటర్లు చాలామంది ఉన్నారు.

అది మొదటి పొరపాటు. ఈ పథకంలో పేరు నమోదు చేసుకుని పదిహేను వేల పనిముట్లు చేతికొస్తే హునర్ నిలబడిపోతుంది అనుకోవడం రెండో పొరపాటు. చెక్కపనిని బతికించేవి పనిముట్లు ఒక్కటే కాదు. నేర్పే ఉస్తాద్ కావాలి, పని చేసుకునే బల్ల కావాలి, కట్టె కావాలి, చేతిపనికి తగిన ధర ఇచ్చే కొనుగోలుదారు కావాలి. పథకం ఇచ్చేది ఏమిటి, ఇవ్వనిది ఏమిటి, ఆ ఖాళీని ఎవరు పూడ్చాలి అన్నదే ఇక్కడ చూద్దాం.

పథకంలో ఏముంది?

మొత్తం 18 వృత్తులకు ఇది వర్తిస్తుంది. వడ్రంగి, పడవలు చేసేవాళ్ళు, కమ్మరి, తాళాలు చేసేవాళ్ళు, తాపీ మేస్త్రీ, దర్జీ, మంగలి, చెప్పులు కుట్టేవాళ్ళు, బొమ్మలు చేసేవాళ్ళు, చేపల వలలు అల్లేవాళ్ళు... ఇలా జాబితా సాగుతుంది. మన సమాజంలో తరతరాలుగా ఉన్న పనులు ఇందులో కనీసం ఏడెనిమిది కనిపిస్తాయి.

అర్హత నిబంధనలు సూటిగానే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండాలి. చేతులతో, పనిముట్లతో సొంతంగా పని చేసుకునేవాళ్ళై ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే లబ్ధి. ఇక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. ప్రభుత్వ ఉద్యోగులకు, వాళ్ళ కుటుంబ సభ్యులకు వర్తించదు. గత ఐదేళ్ళలో ముద్రా, పీఎం స్వనిధి, పీఎంఈజీపీ లాంటి పథకాల కింద అప్పు తీసుకుని ఉండకూడదు. అయితే ముద్రా, స్వనిధి అప్పు పూర్తిగా తీర్చేసినవాళ్ళకు ఈ అడ్డు లేదు.

నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో, ఆధార్ వేలిముద్రతో జరుగుతుంది. దానికి ఫీజు లేదు. ఆధార్, దానికి జతచేసిన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. తర్వాత మూడు అంచెల్లో తనిఖీ ఉంటుంది. మొదట గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ, తర్వాత జిల్లా కమిటీ, చివర స్క్రీనింగ్ కమిటీ చూస్తాయి.

ఇవన్నీ దాటితే దక్కేవి ఇవి: గుర్తింపు కార్డు, సర్టిఫికెట్. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల స్టైపెండ్. పనిముట్ల కోసం 15 వేల వరకు ఈ-వోచర్. ఆ తర్వాత కావాలనుకుంటే పదిహేను రోజుల పైస్థాయి శిక్షణ. ఇంకా కావాలనుకుంటే పూచీకత్తు లేని అప్పు, మొదటి విడత లక్ష వరకు, రెండో విడత రెండు లక్షల వరకు.

రెండేళ్ళు పూర్తయ్యేసరికి దేశమంతా కలిపి దాదాపు 30 లక్షల మంది నమోదయ్యారని ప్రభుత్వం ప్రకటించింది. అప్పు మంజూరైనవాళ్ళు మాత్రం ఐదు లక్షల లోపే. అంటే ఈ పథకంలో ఎక్కువమందికి నిజంగా అందేది శిక్షణ, పనిముట్లు. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

పేరు చూసి వెనక్కి తగ్గొద్దు

ఈ పథకం మీద పెద్ద రాజకీయ చర్చే జరిగింది. తమిళనాడు ప్రభుత్వం దీన్ని ఉన్నదున్నట్టుగా అమలు చేయబోమని 2024 నవంబరులో కేంద్రానికి చెప్పింది. "కుటుంబ సంప్రదాయ వృత్తి" అనే మాట కులవృత్తిని బలపరుస్తుందన్నది వాళ్ళ అభ్యంతరం. కనీస వయసు 35 చేయాలని కూడా అడిగింది. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు చదువు మానేసి తండ్రి వృత్తిలోకి దిగే ప్రమాదం ఉందన్నది దాని వెనకున్న వాదన. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో కులంతో, కుటుంబ వృత్తితో సంబంధం లేకుండా కలైంజర్ కైవినై పథకం సొంతంగా మొదలుపెట్టింది.

ఆ అభ్యంతరంలో బలం ఉంది. చదువుకునే పిల్లాడి చేతికి ఉలి ఇచ్చి "ఇదే నీ బతుకు" అని ఎవరూ అనకూడదు. కానీ ఇప్పటికే ఆ పనిలో ఉన్న నలభై ఏళ్ళ మనిషి సంగతి వేరు. నిబంధనల్లో కుల ధృవీకరణ పత్రం అడగడం లేదు. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నా, లేకున్నా తేడా లేదు. మతం ప్రస్తావనా లేదు. దరఖాస్తులో "సుతార్", "లోహార్" అనే పేర్లు కనిపిస్తే అవి పని పేర్లు అనుకుని ముందుకు పోవాలి. బఢయీ పని చేసే ఖాన్ అయినా, షేక్ అయినా, సయ్యద్ అయినా ఆ పని కిందే నమోదవుతాడు.

2006లో సచార్ కమిటీ చెప్పింది గుర్తు చేసుకుందాం. ముస్లింలలో స్వయం ఉపాధి మీద బతికేవాళ్ళ వాటా ఎక్కువ, బ్యాంకు అప్పుల్లో వాళ్ళ వాటా తక్కువ. సొంత పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ పోయి పని చేసే సమాజానికి, పనిముట్ల కోసం ఉన్న పథకం కంటే దగ్గరైనది ఏముంటుంది?

ఒకప్పుడు మైనారిటీ కారిగర్ల కోసం విడిగా ఉస్తాద్ పథకం ఉండేది. 2015లో వారణాసిలో మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్ని సీఖో ఔర్ కమావో, నయీ మంజిల్, నయీ రోష్నీ, హమారీ ధరోహర్‌లతో కలిపి పీఎం వికాస్ అనే ఒకే పథకంలో చేర్చేశారు. కాబట్టి మన పేరుతో విడిగా వచ్చేదాని కోసం ఎదురుచూస్తూ, అందరికీ తెరిచిన తలుపు దగ్గర ఆగిపోవడం తెలివైన పని కాదు.

మిషన్ల కాలంలో చేతి పనిముట్లెందుకు?

పథకం లక్ష్యాల్లో "ఆధునిక పనిముట్లు" అనే మాట ఉంది. తప్పేమీ కాదు. కరెంటు రంపం, డ్రిల్లు లేకుండా ఇవాళ ఇంటి పని కాంట్రాక్టు పట్టడం కష్టం. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్, లామినేట్‌తో చేసే మాడ్యులర్ కిచెన్‌లో రందాకు పెద్దగా పనే లేదు. తలుపు మీద చెక్కే లతలు, జాలీలు సీఎన్‌సీ మిషన్ గంటల్లో చెక్కేస్తోంది. చెక్కుడు పనికి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో వేలాది ముస్లిం కుటుంబాలు ఈ పని మీదే ఆధారపడ్డాయి. ఈ మిషన్ల పోటీ వాళ్ళ ముందూ ఉంది.

మరి చేతి పనిముట్లు నేర్చుకోవడం దేనికి? మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, మిషన్ ఎక్కడ ఆగుతుందో అక్కడే చేతిపని ధర మొదలవుతుంది. వానాకాలంలో ఉబ్బిన టేకు తలుపు, పాత మసీదు కిటికీ, తాతల నాటి పందిరి మంచం, అతుకు ఊడిన కుర్చీ... ఇవేవీ మిషన్ కిందికి పోవు. తలుపును ఎక్కడ, ఎంత మందం తీయాలో చేతికి తెలియాలి. ఒక చెక్కలో బెజ్జం తొలిచి, రెండో చెక్క మొనను అందులో బిగించే అతుకును మన ఇళ్ళల్లో చూల్ అంటారు. మేకు లేకుండా, తరాలపాటు నిలిచే అతుకు అది. దాన్ని విప్పి మళ్ళీ బిగించగలిగేవాడు దొరకడం ఇవాళ కష్టం. దొరకని పనికి ధర ఉంటుంది.

రెండోది, పెట్టుబడి. బసూలా, రందా, రుఖానీ, ఆరీ, బర్మా, గునియా, ఖత్‌కష్ - తెలుగులో బాడిసె, చిత్రిక, ఉలి, రంపం, బరమా, మూలమట్టం, గీత గీసే కొలత చెక్క. ఈ ఏడు చేతిలో ఉండి, వాటిని పదును పెట్టడం తెలిస్తే సగం ఫర్నిచర్ పని నడుస్తుంది. కరెంటు బిల్లు లేదు, మోటారు కాలిపోయే భయం లేదు, ఇరుకు గల్లీలో చప్పుడు గురించి గొడవ లేదు. పదును అనేది ఇక్కడ చాలా పెద్ద విషయం. మొద్దు ఉలితో బలం పెడితే జారుతుంది, చెయ్యి తెగుతుంది. పదునున్న ఉలి తక్కువ బలంతో చెప్పిన చోటికి పోతుంది. షాగిర్దుకు పాత ఉస్తాద్‌లు మొదట సాన పట్టడమే నేర్పేది అందుకే.

మూడోది, ఆరోగ్యం. కరెంటు రంపం, శాండర్ లేపే సన్నటి చెక్కపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టింది. రందా పడితే వచ్చేది చాలావరకు చుట్టలు చుట్టలుగా పొట్టు, గాలిలో తేలే పొడి తక్కువ. అలాగని మిషన్ వాడొద్దని చెప్పడం లేదు. వాడేవాళ్ళు ముక్కుకు మంచి మాస్క్ పెట్టుకోవాలి, పిల్లలు పడుకునే గదిలో శాండర్ పని పెట్టుకోకూడదు.

కాబట్టి వోచర్ చేతికొచ్చినప్పుడు మిషన్ ఒక్కటే చూడొద్దు. మీ వృత్తికి ఇచ్చే కిట్టులో ఏమేమి ఉన్నాయో ముందే అడగండి. మంచి ఉక్కుతో చేసిన రెండు ఉలులు, సానరాయి, చిత్రిక ఉన్నాయా లేదా చూసుకోండి. నాసిరకం వస్తువు అంటగడితే తీసుకునే రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ఎవరూ పట్టించుకోని బల్ల

మన దగ్గర పాతకాలపు వడ్రంగి నేల మీద కూర్చుని పని చేస్తాడు. చెక్కను కాలి వేళ్ళతో, మడమతో అదిమి పట్టి, రెండు చేతులతో రంపం లాగుతాడు, ఉలి కొడతాడు. కాళ్ళే అతనికి శికంజా. ఇది వెనకబాటు కాదు. ఎక్కడికి పోతే అక్కడే కార్ఖానా తెరవగలిగే తెలివైన పద్ధతి. జపాన్ వడ్రంగులు కూడా నేలకు దగ్గరగా, ఒళ్ళు బరువు వాడుకుంటూ పని చేస్తారు.

కాకపోతే దీనికి మూల్యం ఉంది. నలభై ఐదు దాటేసరికి మోకాళ్ళు, నడుము పట్టేస్తాయి. పని ఇంకా పదిహేనేళ్ళు చేయగలిగే మనిషి "ఇక కూర్చోలేను" అని మానేస్తాడు. చేతిలో హునర్ శిఖరానికి చేరిన వయసులోనే అతను బయటికి పోతున్నాడు. పనిముట్ల వోచర్ లెక్కలో ఈ నష్టం కనిపించదు.

ఒక మంచి బల్ల ఈ కథ మార్చగలదు. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. పాత ఇంటి దూలాలు, ద్వారబంధాల కట్టెతో చేసుకోవచ్చు. మూడు విషయాలు చూసుకుంటే చాలు. ఒకటి బరువు: రందా తోసినప్పుడు బల్ల కదలకూడదు. రెండోది ఎత్తు: నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే దాదాపు మణికట్టు దగ్గరికి రావాలి, అప్పుడే రందా మీద ఒళ్ళు బరువు పడుతుంది. సన్న చెక్కుడు పనికైతే ఇంకొంచెం ఎత్తు మంచిది. మూడోది పట్టు: ముందు అంచున ఒక శికంజా, బల్ల మీద చెక్క జారకుండా ఒక ఆపు ముక్క, అక్కడక్కడ మేకులాంటి కొయ్య గుజ్జులు దిగేందుకు బెజ్జాలు. ఇంతే.

ఇరవై గజాల ఇంట్లో బల్ల ఎక్కడ పెడతాం అన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే బల్ల అనేది ఒక్కో ఇంటికి కాకుండా మొహల్లాకు ఒకటిగా ఆలోచించాల్సిన వస్తువు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఉదయగిరి చెబుతున్న పాఠం

చేతి పనిముట్లతో చెక్కపని అంటే మన తెలుగు నేల మీద గర్వంగా చూపించుకోదగ్గ చోటు నెల్లూరు జిల్లా ఉదయగిరి. అక్కడ చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే కుటుంబాల్లో ఎక్కువ మంది ముస్లింలే, ఆడవాళ్ళ పాత్ర కూడా చాలా పెద్దది. ఊరిని ఆనుకుని ఉన్న దుర్గం కొండల నుంచి వచ్చే నర్ది, బిక్కి లాంటి కట్టెను ముక్కలుగా కోసి, ఆకారం తెచ్చి, సన్న రంపంతో ఫోర్కు పళ్ళు చీల్చి, ఆకురాయితో నున్నగా తీరుస్తారు. పిడి మీద పర్షియన్ తరహా నగిషీ ఉంటుంది. ఉదయగిరి చెక్క కట్లరీకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరుతో వేరే ఊరి సరుకు అమ్మడానికి చట్టం ఒప్పుకోదు.

అంత గుర్తింపు ఉన్న ఊరి వైపు నుంచి ఈ పథకాన్ని చూస్తే నాలుగు లోపాలు కనిపిస్తాయి.

ఒకటి, 18 వృత్తుల్లో చెంచాలు చెక్కేవాళ్ళకు విడిగా పేరు లేదు. వడ్రంగి కిందో, బొమ్మల తయారీ కిందో సర్దుకోవాలి. కిట్టు కూడా దాని ప్రకారమే వస్తుంది. తలుపులు చేసేవాడికి కావాల్సిన రంపం, ఫోర్కు పళ్ళు చీల్చే రంపం ఒకటి కాదు.

రెండు, కుటుంబానికి ఒక్కరే. ఉదయగిరి లాంటి చోట భర్త కట్టె కోస్తే భార్య నగిషీ చేస్తుంది. ఇద్దరూ కారిగర్లే. నమోదు చేయించుకునేది మాత్రం ఒక్కరే, అది చాలాసార్లు మగవాడి పేరే అవుతుంది. ఈ నిబంధనలో ఆడవాళ్ళ హునర్ కాగితం మీద లేకుండా పోతుంది. అలాంటి ఇళ్ళల్లో భార్య పేరుతో నమోదు చేయించడం గురించి ఆలోచించండి.

మూడు, కట్టె. పథకంలో పనిముట్లకు డబ్బు ఉంది, కట్టెకు లేదు. అడవి కట్టె తెచ్చుకోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇది ఉదయగిరి సమస్య ఒక్కటే కాదు. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు కర్ర కావాలి. ఆ చెట్లు తగ్గిపోతున్నాయని అక్కడి కళాకారులు ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. చెట్టు నాటి, పెంచి, కారిగర్లకు సరైన ధరకు ఇచ్చే డిపో లేకపోతే కొత్త ఉలి కొనిచ్చి లాభం లేదు.

నాలుగు, పన్ను. ఇక్కడ మాత్రం ఒక మంచి వార్త ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్‌టీ మార్పుల్లో చెక్క వంటింటి సామాను మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. చెక్క ఫర్నిచర్ మాత్రం 18 శాతంలోనే ఉండిపోయింది. కోత కలప మీద, ప్లైవుడ్ మీద కూడా 18 శాతమే. చిన్న కార్పెంటర్‌కు జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. వస్తువులు అమ్మేవాళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ వరకు, తెలంగాణలో 20 లక్షల వరకు మినహాయింపు ఉంది. కానీ నమోదు లేనివాడు కలప కొన్నప్పుడు కట్టిన 18 శాతం పన్ను వెనక్కి రాదు. అది అతని ఖర్చులోనే కలిసిపోతుంది. పెద్ద షోరూమ్ ఆ పన్నును సర్దుబాటు చేసుకుంటుంది, చిన్న కారిగర్ భరిస్తాడు. ధర చెప్పేటప్పుడు ఈ లెక్క మరిచిపోతే లాభం అనుకున్నది పన్నులోకి పోతుంది.

అప్పు, వడ్డీ: స్పష్టంగా మాట్లాడుకుందాం

మన కుటుంబాల్లో చాలామంది ఈ పథకానికి దూరంగా ఉండటానికి రెండో కారణం వడ్డీ. రిబా వద్దనుకునే కుటుంబం "లోను పథకం" అనే మాట వినగానే పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటే: అప్పు తీసుకోవడం తప్పనిసరి కాదు. గుర్తింపు కార్డు, శిక్షణ, స్టైపెండ్, 15 వేల వోచర్ - ఇవేవీ అప్పు కావు, తిరిగి కట్టాల్సిన పని లేదు. అక్కడితో ఆగిపోవచ్చు.

అప్పు తీసుకునేవాళ్ళ కోసం లెక్క కూడా చూద్దాం. మొదటి విడత లక్ష రూపాయలు, 18 నెలల్లో తీర్చాలి. కారిగర్ కట్టేది 5 శాతం వడ్డీ, మిగిలినదాంట్లో 8 శాతం వరకు కేంద్రం భరిస్తుంది. నెలకు దాదాపు 5,780 రూపాయల చొప్పున కడితే మొత్తం వడ్డీ నాలుగు వేల చిల్లర. అదే లక్ష బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, 18 నెలలు అసలు తీర్చకుండా వడ్డీ కడుతూ పోతే 54 వేలు అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. రిబా పాపం అని బ్యాంకుకు దూరంగా ఉండి, గల్లీ ఫైనాన్షియర్ దగ్గర చిక్కుకున్న కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. ఏది హలాల్, ఏది హరామ్ అన్నది ఉలమాలను అడగాల్సిన మాట, నేను చెప్పగలిగేది అంకెలు మాత్రమే. వడ్డీ అసలే వద్దనుకునే కారిగర్‌కు వేరే దారి చూపించాల్సిన బాధ్యత మాత్రం సమాజం మీద ఉంది.

బయట మిగిలిపోయేది ఎవరు?

"స్వయం ఉపాధి" అనే ఒక్క మాట చాలామందిని బయట పెడుతుంది. సొంత సంచీతో ఇంటి పనులు పట్టే కార్పెంటర్‌కు ఇబ్బంది లేదు. కానీ వేరేవాళ్ళ ఫర్నిచర్ కార్ఖానాలో రోజు కూలీకో, పీసు లెక్కకో చేసేవాడు ఏ గడిలోకి వస్తాడు? హునర్ ఉన్నది అతనికే, కార్ఖానా ఉన్నది యజమానికి. ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్ నుంచి హైదరాబాద్‌కు వచ్చి పని చేస్తున్న కారిగర్లకు ఇంకో చిక్కు. రేషన్ కార్డు, చిరునామా సొంత ఊళ్ళో, పని ఇక్కడ. తనిఖీ చేయాల్సిన పంచాయతీ అతన్ని చూసి ఏళ్ళు గడిచి ఉంటాయి.

గల్ఫ్‌కు పోయి తిరిగొచ్చినవాళ్ళ సంగతీ ఇలాగే ఉంది. కార్పెంటర్ వీసా మీద పోయినవాళ్ళలో చాలామంది అక్కడ చేసింది షట్టరింగ్ పని. కాంక్రీటు పోతకు చెక్కలు బిగించడం. పదేళ్ళ తర్వాత తిరిగొస్తే చేతిలో డబ్బు కొంచెం ఉంటుంది, ఫర్నిచర్ పనిలో చెయ్యి మాత్రం ఆగిపోయి ఉంటుంది. ఇలాంటివాళ్ళకు ఐదు రోజుల శిక్షణ సరిపోదు, ఆరు నెలలు ఉస్తాద్ పక్కన నిలబడాలి.

ఉస్తాద్ లేని శిక్షణ

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పథకం పత్రాల్లో గురుశిష్య పరంపరను బలపరచడం ఒక లక్ష్యం. ఇచ్చే శిక్షణ మాత్రం 40 గంటలు. నలభై గంటల్లో రందా బ్లేడు సాన పట్టడం కూడా చేతికి సరిగ్గా రాదు.

పాత పద్ధతిలో పది పన్నెండేళ్ళ పిల్లాణ్ణి ఉస్తాద్ దగ్గర వదిలేసేవాళ్ళు. పొట్టు ఊడ్చడంతో మొదలై ఏడెనిమిదేళ్ళకు కారిగర్ అయ్యేవాడు. ఆ దారి మూసుకుపోయింది, మూసుకుపోవడమే మంచిది. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. ఇంటి పనిలో సాయం చేసినా బడి అయ్యాకే. పిల్లాడి చోటు బడిలోనే. ఆ దారి మూశాక ప్రభుత్వం ఇంకో దారి సరిగ్గా తెరవలేదు. ఐటీఐలో ఏడాది కార్పెంటర్ కోర్సు ఉంది, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. కానీ మన కుటుంబాలు ఐటీఐ అనగానే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఏసీ మెకానిక్ అంటాయి. కార్పెంటర్ కొడుకు కూడా కార్పెంటర్ సీటు అడగడు. తండ్రి బతుకు చూసినవాడు ఎందుకు అడుగుతాడు?

దీన్ని పిల్లల తప్పుగా చూడకూడదు. ఆ పనికి మనం ఇచ్చిన విలువ అంత. హజ్రత్ జకరియా అలైహిస్సలామ్ వడ్రంగి అని హదీసులో ఉంది. హజ్రత్ నూహ్ అలైహిస్సలామ్ అల్లాహ్ ఆజ్ఞతో ఓడ కట్టారు. మస్జిదె నబవీలో మింబర్‌ను ఒక వడ్రంగే చేశాడు. జుమా ప్రసంగాల్లో ఇవన్నీ వింటాం. నికాహ్ సంబంధం చూసేటప్పుడు మాత్రం "అబ్బాయి బఢయీ పని" అంటే ముఖం తిప్పుకుంటాం.

ఏం చేయొచ్చు?

ప్రభుత్వాలు చేయాల్సినవి నాలుగు. కుటుంబానికి ఒక్కరే అనే నిబంధనను ఇద్దరూ కారిగర్లు అయిన ఇళ్ళకు సడలించాలి. కార్ఖానాల్లో పీసు లెక్కకు చేసేవాళ్ళను కూడా చేర్చాలి. అరవై దాటిన ఉస్తాద్‌లకు నేర్పినందుకు నెల నెలా గౌరవ వేతనం ఇచ్చి, పద్దెనిమిదేళ్ళు దాటిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళను ఏడాదిపాటు అప్పగించాలి. ఉదయగిరి, కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ లాంటి చోట్ల అటవీ శాఖే కట్టె డిపో పెట్టాలి.

సమాజం చేయగలిగినవీ ఉన్నాయి. కుట్టు మిషన్లు పంచే సంస్థలు మనకు చాలా ఉన్నాయి, మంచిదే. కానీ ప్రతిసారీ కుట్టు మిషనే ఎందుకు? బైతుల్ మాల్ నుంచి, వడ్డీలేని అప్పులిచ్చే సంఘాల నుంచి ఒక మొహల్లాకు రెండు గట్టి బల్లలు, ఒక సానరాయి, పది జతల ఉలులు, నాలుగు రందాలు ఉన్న ఉమ్మడి పనిగది పెట్టొచ్చు. ఇరుకు ఇంట్లో చోటు లేనివాడు అక్కడ పని చేసుకుంటాడు. మోకాళ్ళు సహకరించని పెద్దాయన నిలబడి నేర్పుతాడు. సాయంత్రం రెండు గంటలు కాలేజీ పిల్లలు కూడా వచ్చి నేర్చుకోవచ్చు, వృత్తిగా కాకపోయినా చేతిపనిగా. జకాత్ డబ్బు ఏ రూపంలో ఇవ్వొచ్చో ఉలమాలను అడిగి నిర్ణయించుకోవాలి.

కుటుంబాలు చేయాల్సింది మాత్రం ఈ వారమే చేయొచ్చు. ఇంట్లో చెక్కపని చేసేవాళ్ళు ఉంటే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌కు పోండి. డబ్బు అడిగితే ఇవ్వొద్దు, నమోదు ఉచితం. రసీదు నంబరు రాసిపెట్టుకోండి. తనిఖీ ఏ అంచెలో ఆగిందో నెలకోసారి అడగండి. ఆలస్యం చేసేకొద్దీ మిగిలేది తక్కువ, ఎందుకంటే గడువు 2028 మార్చి.

పనిముట్లు వచ్చాక ఒక మాట గుర్తుంచుకోండి. వోచర్‌తో వచ్చిన రందా తుప్పు పడితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. దాన్ని ఎలా పట్టాలో తెలిసిన పెద్దాయన పోతే ఆ చెయ్యి మళ్ళీ దొరకదు. మీ వీధిలో అలాంటివాళ్ళు ఎవరున్నారో లెక్కపెట్టండి. ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ దగ్గరికి ఎవరిని పంపాలి అన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం.